స్క్రూలు బిగించేముందు

చిట్టితల్లీ,

నువ్వు లైట్లకి తొడిగే పాత క్వెజల్ గాజు షేడ్లు కొనబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంబరం సగం, గుబులు సగం.

సంతకం చూసి మురిసిపోకు, అంచు మీద పేరు ఎవడైనా చెక్కగలడు. షేడుని పట్టి ఉంచే ఇత్తడి కప్పులో దాక్కునే గాజు మెడ చుట్టూ వేలితో తడుము, పెచ్చులూడేది అక్కడే. మెడ కొలత 2¼ అంగుళాలుంటే మామూలు కప్పుల్లో పడుతుంది. ఆ మెరుపు, వేడి గాజు మీద లోహ లవణాలు చల్లితే పట్టిన పైపొర. పీచుతో తోమావంటే నీతో మాట్లాడను.

ఇక అసలు సంగతి. పేరుమోసిన అమెరికన్ గాజు కళాకారుడు టిఫనీ దగ్గర పనిచేసి బయటికొచ్చిన మార్టిన్ బాక్ 1901లో న్యూయార్క్ క్వీన్స్‌లో పెట్టిన గాజు కొలిమి క్వెజల్. వాళ్ళ షేడు ఒకటి నాకు న్యూజెర్సీలో ఆదివారం సంతలో దొరికింది. తెల్లటి ఒళ్ళు, మీద ఆకుపచ్చ ఈకలు, లోపలంతా బంగారం. లైటు వేస్తే పావురం మెడలా రంగులు మారేది. ముందుగదిలో తగిలించాను. దాని కిందే మీ వదిన పడుకునేది, అప్పటికి మూడేళ్ళది. ఊడి పిల్ల మీద పడుతుందేమోనని నా భయం. కప్పు చుట్టూ ఉండే మూడు స్క్రూలనీ పటకారుతో బిగించేశాను. లైటు వేసిన అరగంటకి ‘టిక్’మంది, బియ్యపుగింజ పగిలినంత చప్పుడు. స్క్రూ మొన దగ్గర మొదలైన గీత ఈక కొసదాకా పాకింది. పిల్లని లాగి గుండెకి హత్తుకున్నాను. అది నిద్ర కూడా లేవలేదు.

పడుతుందన్న భయంతో నేనే పగలగొట్టాను తల్లీ. వేడికి గాజు సాగుతుంది, దానికి చోటివ్వలేదు. షేడుని మోసేది బిగింపు కాదు. మెడ పైకొసన గాజు బయటికి తిరిగి ఉంటుంది చూడు, స్క్రూలు దాని కింద నిలబడితే చాలు. వేళ్ళతో తాకేదాకా తిప్పి, కాస్త వెనక్కి వదులు. పట్టుకు తిప్పితే షేడు కొంచెం కదలాలి. వేడెక్కే పాత బల్బులొద్దు, ఎల్‌ఈడీ పెట్టు. పాత వైర్లని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలెయ్. నువ్వు మీ అమ్మలాగే మొండిదానివి, అందుకే రెండోసారి చెబుతున్నాను: వైర్లు ముట్టుకోకు.

ఆ పగిలిన షేడు పాత చీరలో చుట్టి దాచాను. సంక్రాంతికి వచ్చినప్పుడు పట్టుకెళ్ళు. మొదటి బిగింపు దాని మీద నేర్చుకుందువుగాని.

మీ మావయ్య