అందరూ దేవుడంటున్న నాన్న గురించి నేనేం చెప్పాలి?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. నాన్న బడిపంతులుగా రిటైరయ్యాక రెండుసార్లు సర్పంచ్‌గా చేశారు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఫ్లోరైడ్ నీళ్లతో ఊరు పడే బాధ చూడలేక, మంచినీళ్ల కోసం ఒంగోలు ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగారు. పోయినేడాది ప్రభువునందు నిద్రించారు. వచ్చే నెల జ్ఞాపకార్థ కూడికలో నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. అందరూ ‘దేవుడులాంటి మనిషి’ అంటున్నారు. నాకేమో నా ఇంటర్ ఫీజు డబ్బులు ఎవరి ఆసుపత్రి ఖర్చుకో ఇచ్చేసిన రోజు, అమ్మ రాత్రిళ్లు కుట్టుమిషన్ తొక్కడం గుర్తొస్తున్నాయి. పొగిడితే అబద్ధం, ఉన్నది చెబితే ద్రోహం. అన్నయ్యేమో అప్పు చేసైనా ఊరి సెంటర్లో విగ్రహం పెడతానంటున్నాడు. నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు. – ఒక కూతురు

జవాబు: అమ్మా, మీ నాన్నగారంటే మీకు ప్రేమ లేదని ఈ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన మీకు సరిపడా దొరకలేదని ఉంది. ఊరందరికీ దొరికిన మనిషి ఇంట్లోవాళ్లకు దొరక్కపోతే కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆయన ఉన్నప్పుడు అడగలేకపోయారు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. ఏడాది దగ్గర పడేసరికి దుఃఖం తిరగబెట్టడం చాలామందిలో చూస్తాం. దానికి ఈ మైకు టెన్షన్ కూడా తోడైంది.

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి సంగతే చూడండి. మద్రాసులో బారిస్టరుగా బాగా గడించి, సహాయ నిరాకరణ రోజుల్లో ప్రాక్టీసు వదిలేసి, ఉన్నదంతా ఉద్యమానికీ పత్రికకూ ధారపోశారు. 1957లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. 1972లో ఒంగోలు జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. ఆ డబ్బు కరిగిపోతున్న రోజుల్లో ఇల్లు ఎలా గడిచిందో మాత్రం జయంతి సభల్లో ఎవరూ మాట్లాడరు. త్యాగం ఒకరి పేరు మీద రాసి, బిల్లు ఇంకొకరితో కట్టించడం మనకు అలవాటే.

మీ నాన్నగారు పెరిగిన వాతావరణం కూడా ఒకసారి గుర్తు చేసుకోండి. 1876-78 కరువులో, ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్నవాళ్లకు పని ఇప్పించారు. 1878 జులైలో గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ కథ వింటూ పెరిగిన సంఘంలో ప్రార్థనకూ పదిమంది పనికీ మధ్య గోడ ఉండదు. అర్జీ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కడం కూడా మీ నాన్నగారికి ఆరాధనలో భాగమే అయ్యుంటుంది. దీన్ని మీ ఫీజు విషయంలో సాకుగా చెప్పడం లేదు. ఆయన్ని అర్థం చేసుకోవడం వేరు, ఆ రోజు మీకు జరిగింది సరైనదే అనడం వేరు. రెండోది మీరు అననక్కర్లేదు.

ఇక ఆ పది నిమిషాలు. ‘దేవుడులాంటి మనిషి’ అనే మాట మిగతావాళ్లకు వదిలేయండి. మీ కళ్లతో చూసిన పని చెప్పండి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటి, ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, అది ఇంకా బాగా ఎక్కువైతే పెద్దయ్యేకొద్దీ కీళ్లు బిగుస్తాయి, నడుములు వంగుతాయి. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఇవాళ క్యాన్ నీళ్లు తాగుతున్న కుర్రాళ్లకు మీరు చెప్పాలి, అప్పుడే ఆయన ఎందుకు తిరిగారో తెలుస్తుంది. ఆ వెంటనే, ‘నాన్న ఊరి పని మీద ఉన్నప్పుడు మా ఇంటిని నడిపింది అమ్మ కుట్టుమిషన్. నాన్న సేవలో సగం అమ్మది’ అనండి. ఇందులో పొగడ్త లేదు, నింద లేదు. ఇంటర్ ఫీజు సంగతి చెప్పాలా వద్దా అంటే, గొంతులో ఇంకా మంట ఉంటే వద్దు. అది మైకు ముందు తీరే బాకీ కాదు. ముందు అన్నయ్యతో మాట్లాడండి. ఆయన దగ్గరా ఇలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది.

సంఘ పెద్దలెవరైనా నొచ్చుకుంటే దావీదును గుర్తు చేయండి. అంత గొప్ప రాజని చెప్పిన బైబిలే, కొడుకు అబ్షాలోము విషయంలో ఆయన తండ్రిగా ఎంత తడబడ్డాడో దాచలేదు.

విగ్రహం విషయంలో నేను మీ వైపే. రోడ్ల మీద, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. అయినా పెడుతూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. అప్పు చేసి పెట్టిన విగ్రహానికి వడ్డీ కట్టేది మళ్లీ ఇంట్లోవాళ్లే. అన్నయ్యతో ‘వద్దు’ అని మొదలుపెట్టకండి, మొండికేస్తాడు. ‘అమ్మకు ఏం కావాలో అడుగుదామా?’ అనండి. ఈ ఏడాదిలో ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో లేదు.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. కూడిక అయిపోయాక కూడా ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోండి. ఈలోపు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మాట్లాడబోయేది కాగితం మీద రాసుకుని, కూడికకు వారం ముందే అమ్మకు చదివి వినిపించండి. ఆమె తీసేయమన్నది తీసేయండి. కుట్టుమిషన్ సంగతి మాత్రం, ‘అదెందుకులేవే’ అని ఆమె అన్నా ఇంకోసారి బతిమాలి ఒప్పించండి.