స్పీడ్ బ్రేకర్ అర్జీ పెట్టే ముందు

చిరంజీవి అమ్మడికి, బాబాయి ఆశీస్సులు.

మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ వేయించాలంటే ఎవరికి అర్జీ పెట్టాలో చెప్పమని రాశావు. అది ఒక్క లైన్లో చెప్పేయొచ్చు. కానీ మున్సిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసినన్నాళ్లూ నా దగ్గరికి ఎక్కువగా వచ్చినవి ఇలాంటి అర్జీలే. జనం అడిగే చోటు ఒకటి, దెబ్బలు తగిలే చోటు ఇంకొకటి అయ్యేది. అసోసియేషన్ ప్రెసిడెంటు గారి గేటు ముందు హంప్ వచ్చేది, స్కూలు మలుపు దగ్గర పిల్లలు ఎప్పటిలాగే పరిగెత్తి దాటేవాళ్లు. నువ్వు సెక్రటరీ అయిన ఈ ఏడాది అలా కాకూడదు. అందుకే కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

అర్జీ సంగతి పక్కన పెట్టి ముందు వీధిని చూడు. చూడటమంటే ఇంటి నుంచి బస్టాపుకు నడుస్తూ చూడటం కాదు. ఒక తెల్లకాగితం మీద వీధి గీసుకో: స్కూలు గేటు, గుడి, కూరగాయల బండ్లు, బస్టాపు, మెడికల్ షాపు, ప్రతి సందు మలుపు, ప్రతి కరెంటు స్తంభం. స్కూలు మొదలయ్యే వేళ ఒకసారి, వదిలే వేళ ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి, తెల్లవారుజామున గుడికి జనం వెళ్లేటప్పుడు ఒకసారి నిలబడి, మనుషులు నిజంగా ఎక్కడ దాటుతున్నారో చుక్కలు పెట్టు. జీబ్రా గీతలున్న చోట కాదు, కాళ్లు దాటే చోట. ఆ చుక్కలు రెండు మూడు చోట్ల గుత్తులుగా పడతాయి. నీ పనంతా ఆ రెండు మూడు చోట్లే. మలుపుల్లో అద్దం పెంకులు, స్తంభాలకు రాసుకున్న రంగు, రోడ్డు మీద టైర్ల నల్లటి మరకలు కనబడితే అవీ గుర్తుపెట్టు. కేసు దాకా రాని ప్రమాదాలు ఎక్కడెక్కడ జరుగుతున్నాయో వాటిని బట్టి తెలుస్తుంది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టాయన్నీ ఆటో స్టాండు వాళ్లనీ అడుగు. పొద్దుటి నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటారు కాబట్టి వాళ్లకు తెలిసినంత ట్రాఫిక్ పోలీసులకు కూడా తెలియదు.

తర్వాత వేగం కొలువు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివర్లా సుద్దతో గీత గియ్యి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, బండి మొదటి గీత దాటినప్పటి నుంచి రెండో గీత దాటేదాకా చూడు. 6 సెకన్లు పడితే గంటకు 30 కిలోమీటర్లు, నాలుగున్నర పడితే 40, మూడున్నర కాస్త దాటితే 50. రద్దీ వేళ కొలవకు. అప్పుడు బండ్లు ఎలాగూ నత్తనడక నడుస్తాయి. మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిది తర్వాత కొలువు. వంద బండ్ల వేగాలు తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాసుకుంటే 85వ బండి వేగం ఎంతో చూడు. రోడ్డు ఇంజనీర్లు వీధిని అంచనా వేసేది ఆ అంకెతోనే. నీ అర్జీలో అది కనబడితే కార్పొరేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు కూర్చున్న కుర్చీలో సర్దుకొని చదువుతారు.

వేగం మీద ఇంత పట్టు ఎందుకంటావా? గంటకు 30లో వచ్చే కారు ముందుకు పిల్లవాడు వచ్చాడనుకో. డ్రైవరు తేరుకొని బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టినా, పొడి రోడ్డు మీద కారు దాదాపు 13 మీటర్లలో ఆగుతుంది. 50లో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఆగిపోయిన చోట రెండో కారుకు ఇంకా బ్రేకే పడలేదు. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం, నడిచేవాళ్లూ బండ్లూ కలిసి తిరిగే వీధుల్లో వేగం 30 దాటకూడదని చెప్పింది ఊరికే కాదు. మన దేశంలో ఒక్క 2022లోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, వాళ్లలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. బండి ఎక్కనివాళ్లు, తల్లీ! కూరగాయల కోసం వెళ్లినవాళ్లు, బస్సు దిగినవాళ్లు.

మీ అసోసియేషన్‌లో కొందరు రోడ్డు వెడల్పు చేయించమంటున్నారని రాశావు. గట్టిగా కాదను. వెడల్పయిన కొద్దీ బండ్ల వేగం పెరుగుతుంది, దాటే దూరమూ పెరుగుతుంది. పెద్దవాళ్లు సెకనుకు ఒక మీటరు నడుస్తారనుకో, 12 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు. ఆ 12 సెకన్లలో 40లో వచ్చే బైకు 130 మీటర్లు దాటి వచ్చేస్తుంది. మీ అమ్మ రోడ్డు మీద అడుగు పెట్టినప్పుడు ఆ బైకు కంటికి కూడా ఆని ఉండదు. వీధి మరీ వెడల్పుగా ఉన్న చోట మధ్యలో ఆగి నిలబడటానికి చిన్న దిమ్మె అడగండి. సగం దాటి ఊపిరి పీల్చుకొని మిగతా సగం దాటొచ్చు.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే పని మలుపులు ఖాళీ చేయడం. సందు చివర కారో, ఆటోనో, నీళ్ల ట్యాంకరో ఆగి ఉంటే వచ్చే బండి దాటేవాళ్లకు కనబడదు, దాటేవాళ్లు బండికి కనబడరు. మూడడుగుల పిల్లవాడైతే అసలు కనబడడు. కూడళ్ల దగ్గర, మలుపుల్లో, జీబ్రా క్రాసింగ్ దగ్గర, ఫుట్‌పాత్ మీద, స్కూలు గేటుకు అడ్డంగా బండి ఆపకూడదని నిబంధనలు ఎప్పటి నుంచో ఉన్నాయి. కొత్త చట్టం అక్కర్లేదు, ఆ నాలుగైదు మీటర్లు పసుపు గీతలతో చూపిస్తే చాలు. గీతల వల్ల ఆగకపోతే ట్రాఫిక్ పోలీసుల అనుమతితో పొట్టి సిమెంటు స్తంభాలు పాతించండి. అందం కోసం పెద్ద పూలకుండీలు పెట్టించకు. గుబురుగా పెరిగే మొక్క కూడా కారులాగే అడ్డం. మలుపు అంచు మరీ గుండ్రంగా, విశాలంగా ఉన్న చోట బైకులు వేగం తగ్గించకుండానే తిరిగేస్తాయి. ఆ మూల ఫుట్‌పాత్‌ను కొంచెం ముందుకు తెస్తే తిరిగే బండి తప్పక నెమ్మదిస్తుంది, దాటే దూరమూ తగ్గుతుంది.

ఇప్పుడు స్పీడ్ బ్రేకర్. అది వద్దనడం లేదు, సరిగ్గా వేయించమంటున్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి హంప్ 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా వెళ్లొచ్చు. మన వీధుల్లో కనబడేది ఒకటిన్నర అడుగుల వెడల్పుతో మిగిలిన కాంక్రీటు కుప్ప. దాని మీద గర్భిణీలకు, నడుం నొప్పి ఉన్నవాళ్లకు, అంబులెన్సులో ఉన్నవాళ్లకు నరకం. వేగంగా వచ్చే కుర్రాడు మాత్రం పక్కన ఉన్న సందులోంచి బైకు తీసుకెళ్తాడు. హంప్‌కు 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, హంప్ మీద తెల్లటి చారలు, పైన దీపం, రెండు పక్కలా నీళ్లు పోయే దారి తప్పకుండా ఉండాలి. ఇవి లేని హంప్ రాత్రిపూట వానలో తానే ఒక ప్రమాదం. అసోసియేషన్ డబ్బులతో మేస్త్రీని పిలిచి రాత్రికి రాత్రి వేయించే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. ఎవరైనా పడితే బాధ్యత మీదే అవుతుంది.

నన్నడిగితే స్కూలు ముందు మామూలు హంప్ కన్నా ఎత్తు క్రాసింగ్ మంచిది. జీబ్రా గీతలనే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి, పైన చదునుగా, రెండు వైపులా వాలుగా కడతారు. మన ఇంజనీర్లు టేబుల్ టాప్ అంటారు. నడిచేవాళ్లు దిగనక్కర్లేదు, ఎక్కనక్కర్లేదు. బండ్లే ఎక్కి దిగుతాయి. వీల్‌చైర్ వాళ్లకూ ఇది బాగుంటుంది. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర నడిచేవాళ్లకు దారి ఇవ్వాలని డ్రైవర్లకు నిబంధన ఉన్నా, ఒట్టి రంగు చూసి ఆగేవాళ్లు మన దగ్గర తక్కువ. కట్టడం చూస్తే ఆగుతారు.

ఫుట్‌పాత్ విషయంలో నీకు ఇంటి పోరు తప్పదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు నడిచే దారి ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. అంతకన్నా ఎత్తయితే మోకాళ్ల నొప్పులవాళ్లు ఎక్కరు, రోడ్డు మీదే నడుస్తారు. విజయవాడ ఎండలో నీడ లేని ఫుట్‌పాత్ మీద మధ్యాహ్నం ఎవరూ నడవరన్నది కూడా గుర్తుంచుకో, ఉన్న చెట్లు కొట్టేయనివ్వకు. అయితే అసలు అడ్డంకి కార్పొరేషన్ కాదు, మన ఇళ్లే. కారు లోపలికి పోవడానికి డ్రెయిన్ మీదుగా రోడ్డు దాకా కట్టిన ర్యాంపులు, మెట్లు, గేటు బయట జనరేటర్లు. ప్రతి ఇంటి ముందు ఫుట్‌పాత్ ఎక్కి దిగేట్టు ఉంటే ఎవరు నడుస్తారు? అర్జీ పెట్టే ముందు కమిటీ సభ్యులు తమ ర్యాంపులు తామే కొట్టించాలి. ప్రెసిడెంటు గారితో మొదలుపెట్టు. ఆయన ఇంటి ముందు ర్యాంపు పోతే వీధిలో సగం పోతాయి. పోకపోతే తోపుడు బండ్ల గురించి మాట్లాడే హక్కు మీకు లేదు.

తోపుడు బండ్ల వాళ్ల జోలికి చివరికి కూడా దౌర్జన్యంగా పోవద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేయకుండా వాళ్లను వెళ్లగొట్టకూడదు. ఊళ్లో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు ఉండాలి. వాళ్లతో కూర్చొని, మలుపు నుంచి కొంచెం లోపలికి, నడిచే దారి వదిలేసి బండ్లు పెట్టుకునే చోటు గీయండి. పైగా రాత్రి తొమ్మిదిన్నరకు ఆడపిల్లలు ధైర్యంగా నడిచే వీధి ఆ బండ్ల దీపాలున్న వీధే.

ఇక అర్జీ. ఒక పేజీ దాటకూడదు. పైన నీ పటం, కింద వేగం లెక్క, రెండు ఫొటోలు, అడిగేది మూడు ముక్కల్లో. పది కోరికలు రాస్తే పదీ పక్కకు పోతాయి. రోడ్డు, గీతలు, ఫుట్‌పాత్, దీపాలు కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగానికి. పార్కింగ్, వన్‌వే ట్రాఫిక్ పోలీసులకు. ఒకే ఉత్తరం ఇద్దరికీ ఇచ్చి, ఒకరికి ఇచ్చిన సంగతి రెండో కాపీలో రాయి. వార్డు సచివాలయంలో రసీదు తీసుకో. కదలకపోతే సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇవ్వు, అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు కింద ఫైలు ఎక్కడుందో అడుగు, 30 రోజుల్లో జవాబు రావాలి. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డును ప్రమాణాల ప్రకారం కట్టకపోవడం, చూసుకోకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. మొదటి ఉత్తరంలోనే వీటిని కత్తిలా దూయకు. రెండో దాంట్లో మర్యాదగా గుర్తుచేయి.

అన్నిటికంటే ముఖ్యం, సమయం. మీ వీధిలో పైప్‌లైనో, డ్రెయినేజీ పనో, కొత్త తారు పొరో ఎప్పుడు వస్తుందో కనుక్కో. ఎలాగూ తవ్వే రోడ్డును తిరిగి వేసేటప్పుడు ఎత్తు క్రాసింగ్, ముందుకు తెచ్చిన మూలలు, వీల్‌చైర్ ఫుట్‌పాత్ ఎక్కే వాలు చేర్చడానికి అదనపు ఖర్చు కొద్దిగానే అవుతుంది. తారు వేసేశాక అడిగితే మళ్లీ తవ్వాలంటారు, గీతలన్నీ ఎలాగూ తారు కింద పోయి ఉంటాయి.

స్కూలు వాళ్లతో విడిగా మాట్లాడు. గేటు ముందు గందరగోళంలో పెద్ద భాగం పిల్లల్ని దింపే తల్లిదండ్రుల బండ్లదే. కొంచెం దూరంలో దింపి, అక్కడి నుంచి టీచరు తోడుతో నడిపించమను. లైసెన్సు లేని పిల్లాడికి బైకు ఇచ్చి పంపే తండ్రికి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉందని నోటీసు బోర్డులో పెట్టించు.

పని అయ్యాక అవే గీతల మధ్య, అదే వేళల్లో మళ్లీ వేగం కొలువు. తగ్గకపోతే ఫొటో దిగి ఊరుకోకండి, ఎందుకు తగ్గలేదో ఏఈ గారిని పిలిచి అక్కడే నిలబెట్టి అడగండి.

నీ పటం గీయగానే ఫోన్లో ఫొటో తీసి పంపు, అర్జీ ఇచ్చే ముందు ఒకసారి చూస్తాను. దసరాకు వచ్చినప్పుడు నువ్వూ నేనూ, మీ ప్రెసిడెంటు గారూ కలిసి ఈ చివర నుంచి ఆ చివరకు నడుద్దాం. మీ అమ్మను కూడా రమ్మను, ఆవిడ నడకను బట్టి క్రాసింగ్ ఎక్కడ పెట్టాలో తేలుద్దాం.

మీ బాబాయి