పక్క ఖాళీ స్థలంలో ఏం కట్టబోతున్నారు?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారు కాలనీ. ఇంటి వెనక దాదాపు ఎకరం స్థలాన్ని ఈ మధ్య చదును చేసి, చుట్టూ రేకులు బిగించారు. పది అంతస్తుల అపార్టుమెంటు వస్తుందని కొందరు, ఫంక్షన్ హాలని కొందరు అంటున్నారు. ఇరుగుపొరుగువారికి ముందుగా నోటీసు ఇవ్వాలి కదా? పని మొదలవకముందే విషయం తెలుసుకునే మార్గమేది?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, మేడ్చల్ జిల్లా

జవాబు: అమ్మా, నిబంధనలకు లోబడిన మామూలు భవనానికి అనుమతి ఇచ్చేటప్పుడు పొరుగువారికి విడివిడిగా నోటీసు పంపే పద్ధతి మన దగ్గర లేదు. పైగా తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ (భవన అనుమతుల) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు లోపు కట్టే ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి లభిస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు ఉంటుంది. అంటే ఎకరం స్థలం ఫైలైనా దరఖాస్తు నుంచి అనుమతి దాకా మూడు వారాల్లో పూర్తి కావచ్చు. కాబట్టి కాగితం మన ఇంటికి వస్తుందని ఎదురుచూడకుండా, మనమే దాని దగ్గరికి వెళ్లాలి.

ముందు ఆ స్థలం సర్వే నంబరు కనుక్కోండి. తర్వాతి వెతుకులాటంతా దాని మీదే ఆధారపడుతుంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఎనిమిదికి మించి ఫ్లాట్లు కట్టి అమ్మదలచిన బిల్డరు, రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేసుకోనిదే ప్రకటన కూడా ఇవ్వకూడదు. నమోదైన ప్రాజెక్టు వివరాలు, మంజూరైన ప్లాను, పూర్తిచేస్తానన్న గడువు రెరా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడవచ్చు. నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించితే పర్యావరణ అనుమతి కూడా తప్పనిసరి. ఆ దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో కనిపిస్తుంది. ఫంక్షన్ హాలైతే రెరాలో దొరకదు. అప్పుడు మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేసి, ఆ సర్వే నంబరుకు ఇచ్చిన అనుమతి పత్రం, ప్లాను నకలు అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. పని మొదలయ్యాక అయితే, నిర్మాణం సాగినంత కాలం మంజూరైన ప్లానును స్థలం దగ్గర ప్రదర్శించాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించింది. బోర్డు లేకపోతే ఆ మాటే రాసి మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ప్లాను చేతికి వచ్చాక అంతస్తుల సంఖ్య చూసి బెంబేలెత్తకండి. ముందు రోడ్డు వెడల్పు కొలవండి. 2012 భవన నిబంధనల్లో ఎత్తుకూ, ముందున్న రోడ్డు వెడల్పుకూ, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్‌కూ విడదీయరాని లంకె ఉంది. 18 మీటర్లు, అంతకు మించిన భవనాన్ని హైరైజ్‌గా పరిగణిస్తారు. ఇరుకు గల్లీలో దానికి అనుమతి రాకూడదు. కాగితం మీద 40 అడుగులున్న రోడ్డు నేల మీద 25 అడుగులే ఉండటం మన కాలనీల్లో అరుదు కాదు. మీ అభ్యంతరానికి బలం అక్కడే దొరుకుతుంది. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) కూడా చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్ల వరకు బఫర్ వదలాలి.

నిబంధనల ప్రకారం కడుతున్నవారిని, గాలీ వెలుతురూ తగ్గుతాయన్న ఒక్క కారణంతో ఆపడం సాధారణంగా సాధ్యం కాదని కూడా చెప్పాలి. వినడానికి బాధగా ఉన్నా, లేని ఆశ కల్పించడం నాకు ఇష్టం లేదు. సెల్లార్ తవ్వకం మొదలయ్యేలోగా మీ ప్రహరీ, గోడల ఫొటోలు తేదీతో సహా తీసి దాచండి. తర్వాత పగుళ్లు వస్తే అవే మీకు సాక్ష్యం.

ప్రశ్న: మా లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో ఎవరో రాళ్లు పాతారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆలస్యం చేయకండి. అనుమతి పొందిన లేఅవుట్‌లో ఉమ్మడి ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌తో రిజిస్టర్ చేయాలి. లేఅవుట్ ధ్రువీకృత నకలు, ఆ స్థలం ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుని, కాలనీ సంఘం పేరిట కమిషనర్‌కు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. గిఫ్ట్ డీడ్ జరగలేదని ఈసీలో తేలితే, ఆ సంగతినే ఫిర్యాదులో మొదటి వాక్యంగా రాయండి.