పొడవు మొక్క శుద్ధమా, సంకరమా?

ప్రశ్న: జన్యురూపం, దృశ్యరూపం చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటాయి, లెక్క చేసేటప్పుడు తారుమారవుతున్నాయి. 3:1 ఎక్కడ రాయాలి, 1:2:1 ఎక్కడ?

జవాబు: మీరు లెక్కపెడుతున్నది పైకి తెలిసే లక్షణాన్నా, కణంలో ఉన్న యుగ్మవికల్పకాల (ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాల) జతనా అన్నది ముందు తేల్చుకోండి. మొదటిది దృశ్యరూపం, రెండోది జన్యురూపం. బఠానీలో పొడవు బహిర్గతం, పొట్టి అంతర్గతం, అంటే రెండూ కలిసి ఉంటే పొడవే పైకి కనిపిస్తుంది. రెండు యుగ్మవికల్పకాలూ ఒకటే అయితే శుద్ధం, వేర్వేరైతే సంకరం. సంకర పొడవు మొక్కలో ఆత్మపరాగ సంపర్కం జరిగితే (సొంత పుప్పొడే పడితే) సంతానంలో శుద్ధ పొడవు ఒక వంతు, సంకర పొడవు రెండు వంతులు, పొట్టి ఒక వంతు. జన్యురూపాల నిష్పత్తి 1:2:1. శుద్ధమైనా సంకరమైనా పొడవుగానే ఎదుగుతాయి కాబట్టి దృశ్యరూపాల నిష్పత్తి 3:1. బఠానీ మొక్కలతో అనువంశికత సూత్రాలు కనిపెట్టిన మెండెల్ లెక్కపెట్టగలిగింది దృశ్యరూపాలనే: 787 పొడవు, 277 పొట్టి. అంటే 2.84:1.

ప్రశ్న: చేతిలో ఒక పొడవు బఠానీ మొక్క ఉంది. అది శుద్ధమో సంకరమో డీఎన్ఏ పరీక్ష లేకుండా ఎలా తెలుస్తుంది? ఎన్ని మొక్కలు పెంచితే నమ్మవచ్చు?

జవాబు: పొట్టి మొక్కతో సంకరణం చేయండి. దీన్నే పరీక్షా సంకరణం అంటారు. పొట్టి మొక్క ఇవ్వగలిగేది పొట్టి యుగ్మవికల్పకాన్నే. అందుకని పిల్ల మొక్క ఎత్తు చూస్తే పొడవు మొక్క ఏమిచ్చిందో బయటపడుతుంది.

బఠానీలో పువ్వు విచ్చుకోకముందే, మొగ్గలోనే, పరాగకోశాలు (కేసరాల కొనన ఉండే పుప్పొడి తిత్తులు) పగులుతాయి. అవి ఇంకా పగలని మొగ్గను ఎంచుకుని, రేకులు విప్పి, పట్టకారుతో పది కేసరాలూ తీసేయాలి. ఒక్కటి మిగిలినా సొంత పుప్పొడే పడిపోతుంది. తర్వాత పొట్టి మొక్క పుప్పొడిని కీలాగ్రానికి (పువ్వులో పుప్పొడిని అందుకునే కొనకు) అద్ది, సంచి కట్టాలి.

ఇక్కడ పొడవు మొక్కనే తల్లిగా తీసుకోవడం మేలు. పొట్టిది తల్లయితే, పొరపాటున దాని సొంత పుప్పొడి పడినప్పుడు పొట్టి మొక్కలే పుడతాయి. అప్పుడు శుద్ధ పొడవు మొక్కను సంకరమని పొరబడతాం. తల్లి శుద్ధ పొడవైతే సొంత పుప్పొడి పడినా పొట్టి మొక్క పుట్టదు.

ఒక్క పొట్టి మొక్క వచ్చినా మీది సంకరమే. అన్నీ పొడవే వస్తే మాత్రం తొందరపడకండి. సంకర మొక్క నుంచి కూడా వరుసగా నాలుగూ పొడవే వచ్చే అవకాశం 16లో 1. ఏడింటికి అది 128లో 1కి, అంటే ఒక శాతం లోపుకి తగ్గుతుంది. కాబట్టి కనీసం ఏడు మొక్కలు ఎదగాలి.

ఈ కోతలేవీ లేకుండా ఆత్మపరాగ సంపర్కానికి వదిలేసినా తేలుతుంది కానీ, అదే నమ్మకానికి 17 మొక్కలు కావాలి. మెండెల్ ఒక్కో మొక్కకు పదేసి గింజలే నాటాడు. ఆ లెక్కన సంకర మొక్కల్లో సుమారు 5.6 శాతం శుద్ధమైనవిగా నమోదయ్యే వీలుందని 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ ఎత్తిచూపాడు.

పోషకాలు చాలక గిడసబారిన పొడవు మొక్కను పొట్టి కింద రాసేయకండి. రెండు శుద్ధ రకాల మొక్కలనూ పక్కనే పెంచి, వాటితో పోల్చి చూడాలి.

ప్రశ్న: జన్యురూపం మారకుండా దృశ్యరూపం మారుతుందా?

జవాబు: మారుతుంది. హిమాలయన్ కుందేలులో నల్లరంగు తయారీకి కావలసిన టైరోసినేజ్ ఎంజైము చల్లగా ఉండే చెవులు, ముక్కు, పాదాలు, తోకలోనే పనిచేస్తుంది. వీపు మీద బొచ్చు గొరిగి అక్కడ చల్లదనం తగిలేలా ఉంచితే కొత్త బొచ్చు నల్లగా వస్తుంది. జన్యువులో మాత్రం ఏ మార్పూ ఉండదు, కాబట్టి ఆ నల్ల మచ్చ పిల్లలకు రాదు.

ప్రశ్న: తల్లిది ఏ గ్రూపు, తండ్రిది బీ. బిడ్డకు ఓ గ్రూపు రావచ్చా?

జవాబు: రావచ్చు. గ్రూపు అంటే దృశ్యరూపం. నాలుగు గ్రూపుల వెనక ఆరు జన్యురూపాలున్నాయి. తల్లి ఏఓ, తండ్రి బీఓ అయితే ప్రతి కాన్పులోనూ ఓ గ్రూపుకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

1952లో వెలుగులోకి వచ్చిన బాంబే గ్రూపు చాలా అరుదు. వీరిలో ఏ, బీ జన్యువులున్నా, వాటికి ఆధారమైన హెచ్ పదార్థం ఎర్రకణాల మీద తయారుకాదు. మామూలు పరీక్షలో ఓ అనే వస్తుంది. కానీ వీరి ప్లాస్మాలో హెచ్‌కు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ఉంటాయి. కాబట్టి ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణాపాయం, బాంబే గ్రూపు రక్తమే కావాలి. ఎక్కించే ముందు దాత రక్తకణాలను రోగి ప్లాస్మాతో కలిపి చూసే క్రాస్‌మ్యాచింగ్‌లో ఈ తేడా దొరికిపోతుంది.