ముందు ఒక నోటుపుస్తకం కొనుక్కో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ సాహిత్యం ఇష్టపడే నలుగురికీ అందుబాటులో పెడతానన్నావు. సంతోషం. పుస్తకం పరహస్తం చేరితే పోయినట్టేనన్న శ్లోకాన్ని మీ అమ్మ అప్పుడే వినిపించిందట. ఒకవేళ తిరిగివచ్చినా జీర్ణమైపోయి వస్తుందని దాని రెండో సగంలో ఉంది. నిన్ను మరీ భయపెట్టడం ఎందుకని అది దాచి ఉంటుంది. నలభై ఏళ్ళుగా పుస్తకాలు ఇస్తున్నవాణ్ణి, నా లెక్క వేరు. నా పుస్తకాల్లో ఎవరైనా కావాలని కాజేసినవి ఒకటో రెండో. మిగిలినవన్నీ నా మొహమాటం వల్ల పోయాయి.

అందుకే ముందు ఒక నోటుపుస్తకం కొనుక్కో. బీరువాలు, జాబితాలు తరువాత చూసుకోవచ్చు. తేదీ, పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, ఫోను నంబరు, చివర తిరిగి ఇచ్చిన తేదీకి ఖాళీ గడి. అంతే. ఆ వరుస నువ్వు నింపవద్దు, తీసుకునేవాళ్ళ చేతే రాయించు. నువ్వు రాసుకుంటే అది నీ లెక్క. వాళ్ళు రాస్తే వాళ్ళ మాట. కంప్యూటర్లో పెట్టుకుంటానంటావేమో, పెట్టుకో. కానీ నోటుపుస్తకం మాత్రం గుమ్మం పక్కనే, పెన్సిలు దారంతో కట్టి ఉండాలి. చెప్పులు వేసుకుంటున్న మనిషిని లోపలికి పిలిచి సంతకం పెట్టమనడం నీ వల్ల కాదు. నా వల్లా కాలేదు.

ఒక్కసారి రాయించలేదు. చిన్ననాటి స్నేహితుడు, అతని చేత సంతకం ఏమిటని ఊరుకున్నాను. కొన్నాళ్ళకు నాలుగు సంపుటాల సెట్టులో రెండోది కనబడలేదు. అతనే తీసుకున్నాడని నా మనసుకు రూఢి అయిపోయింది. అడిగితే బాధపడతాడని అడగలేదు. అడగకుండానే ముభావంగా ఉండటం మొదలుపెట్టాను. ఏడేళ్ళ తరువాత గోడలకు రంగు వేయించడానికి బీరువా జరిపితే, వెనక సందులో నిలువుగా ఇరుక్కుని ఉంది పుస్తకం. అట్ట గోడకు అంటుకుపోయి, తీయబోతే పై పొర గోడకే ఉండిపోయింది. వెళ్ళి చెప్పాను. "అందుకా మా ఇంటికి రావడం మానేశావు?" అన్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

గడువు మూడు వారాలు పెట్టు. లావు పుస్తకమైతే మరో మూడు. గడువు దాటితే "నా పుస్తకం ఎప్పుడిస్తారు?" అనవద్దు. "ఎంతవరకు వచ్చారు? ఆ పెద్దాయన మీకు నచ్చాడా?" అని కథలోంచి అడుగు. చదువుతున్నవాడు నీతో గంట మాట్లాడతాడు. అసలు తెరవనివాడు మర్నాడే పుస్తకం తెచ్చి ఇస్తాడు. రెండు విధాలా నీకు లాభమే.

అన్నీ ఇవ్వాలని లేదు. "పుస్తకాలు వాడుకకే" అన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి చెప్పిన ఐదు సూత్రాల్లో మొదటిది, నిజమే. ఒకప్పుడు ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసేవారు. ఇంగ్లండులోని హెర్‌ఫర్డ్ చర్చిలో అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి. గొలుసులు వద్దు కానీ ఒక అర మాత్రం వేరుగా పెట్టుకో. మళ్ళీ కొందామన్నా దొరకనివి, రచయిత సంతకం చేసి ఇచ్చినవి, మీ తాతయ్య అంచుల్లో పెన్సిలుతో పోట్లాడినవి అందులో ఉంచు. ఆ అర పక్కన ఒక కుర్చీ, మంచి దీపం పెట్టి "ఇక్కడే కూర్చుని చదువుకోండి" అను. పాత చవక కాగితం పుస్తకాలు కూడా అక్కడే ఉండాలి. కలప గుజ్జు కాగితంలో ఆమ్లం ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, పుట మూల మడిస్తే చాలు తుంపులా ఊడిపోతుంది. అది చదివేవాడి తప్పు కాదు, కాబట్టి నువ్వే బయటికి పంపకు.

వర్గీకరణ గురించి రెండు పేజీలు రాశావు. అంత అక్కర్లేదు. రచయిత ఇంటిపేరు వరుసలో సర్దితే నీకూ వచ్చినవాళ్ళకూ దొరుకుతాయి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం మీద అచ్చువేసే గుర్తింపు సంఖ్య, కొట్టి జాబితా తయారు చేద్దామనుకుంటే కొత్తవాటికి పనికొస్తుంది. ఆ సంఖ్య 1970 ప్రాంతాల్లో వచ్చింది, 2007 నుంచి 13 అంకెలయింది. ఆ సంఖ్య లేని పాతవాటికి చేత్తో రాసుకోవలసిందే.

ఎవరో ఒకరు "స్కాన్ చేసి పంపరాదా?" అంటారు. పుస్తకం చేతికివ్వడం వేరు, నకలు తీసి పంచడం వేరు. భారతదేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా కాపీహక్కు ఉంటుంది, చాలా దేశాల్లో 70. ఆ మాట నవ్వుతూనే చెప్పి, పుస్తకమే చేతిలో పెట్టు.

చినిగి వచ్చినదానికి సెల్లోటేపు అంటించకు. కొన్నేళ్ళకు టేపు ఊడిపోతుంది, పసుపు మరక మాత్రం ఉండిపోతుంది. పల్చటి కాగితం, పిండి జిగురు చాలు. తడిసి వస్తే ఆ రోజే చూడు. రెండు రోజుల్లో బూజు పడుతుంది. పుటల మధ్య అక్కడక్కడా అద్దుడు కాగితం పెట్టి, మార్చుతూ, ఫ్యాను గాలికి ఆరనివ్వు. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది. పురుగు ఉందనిపిస్తే మిగిలినవాటి పక్కన చేర్చకు, సంచిలో వేసి వేరుగా ఉంచు.

పోయినవాటికి నోటుపుస్తకం వెనక ఒక పుట కేటాయించు. నా దానిలో ఇప్పటికి ముప్పై ఒకటి ఉన్నాయి. మొదట్లో ఆ పుట తిప్పితే కడుపు మండేది. ఇప్పుడు ఎవరి దగ్గర ఉండి ఉంటాయో ఊహించుకుంటూ ఉంటాను.

నువ్వడిగిన రెండు సంపుటాలు తీసి ఉంచాను. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. నోటుపుస్తకం గుమ్మం దగ్గరే ఉంది. మేనల్లుడివని నీకు మినహాయింపేమీ లేదు.

మీ మామయ్య