"అమ్మాయి ఎప్పుడు పోతాది?" అని అడిగేవారికి తేదీ చెప్పకండి

నంద్యాల నుంచి మూడేళ్ల క్రితం కుటుంబ వలస వీసా మీద డాలస్ చేరిన ఒక తమ్ముడు రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆయనకు గ్రీన్ కార్డు ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. ఏడాదిన్నర క్రితం పెళ్లయింది. భార్యను పిలిపించుకోవడానికి వలస శాఖకు ఐ-130 అనే దరఖాస్తు పెట్టి పద్నాలుగు నెలలు గడిచాయి, ఆమె నంద్యాలలో అత్తమామల దగ్గర ఉంది. "సెలవు పెట్టి ఎనిమిది నెలలు ఇంటికి పోయి ఆమె దగ్గర ఉండవచ్చునా? వకీలును పట్టుకుంటే కేసు కదులుతుందా? ఆమె బీఎడ్‌లో చేరతానంటోంది, చేర్పించాలా వద్దా?" అని ఆయన అడుగుతున్నారు.

తమ్ముడూ, మీ భార్య ఇప్పుడున్న చోటే నేనూ ఒకప్పుడు ఉన్నాను. 2003లో కదిరిలో నా పెళ్లి జరిగేనాటికి మావారికి మీలాగే గ్రీన్ కార్డు మాత్రమే ఉంది. ఆయన పెట్టిన దరఖాస్తు మీద నేను విమానం ఎక్కింది 2008లో. పెళ్లయిన నెలకే మా అత్తగారు సూట్‌కేసు సర్ది మంచం కిందికి తోశారు. అందులో పట్టుచీరలతో పాటు రెండు డబ్బాల చెనిక్కాయల పొడి కూడా ఉంది. ఏడాది తిరిగాక ఒకరోజు తెరిచి చూస్తే పొడి ముక్కిపోయింది, ఆ వాసన చీరలకు కూడా పట్టింది. అత్తగారు ఏమీ అనకుండా డబ్బాలు పెరట్లో బోర్లించి, కడిగి ఎండబెట్టారు. చీరలు బీరువాలోకి, సూట్‌కేసు అటక మీదికి చేరాయి. ఆ వారంలోనే నేను అనంతపురంలో బీఎడ్ గురించి వాకబు చేయడం మొదలుపెట్టాను.

మీ కేసులో ఆలస్యం ఒకటి కాదు, రెండు. మొదటిది దరఖాస్తును పరిశీలించి ఆమోదించడానికి వలస శాఖకు పట్టే కాలం. రెండోది, ఆమోదం వచ్చాక కూడా వీసా అంకె కోసం, అంటే ఏడాదికి ఇన్నేనని పరిమితి ఉన్న వీసాలలో మీ వంతు కోసం, వేచి ఉండవలసిన కాలం. అమెరికా పౌరుల భార్యకు లేదా భర్తకు ఈ రెండోది ఉండదు, ఎందుకంటే చట్టం వారికి వార్షిక పరిమితి పెట్టలేదు. గ్రీన్ కార్డు ఉన్నవారి భార్యాభర్తలు మాత్రం ఎఫ్2ఏ అనే తరగతిలో పడతారు. మీరు దరఖాస్తు పెట్టిన తేదీయే అందులో మీ స్థానం. ప్రతి నెలా విదేశాంగ శాఖ విడుదల చేసే వీసా బులెటిన్‌లో ఆ తరగతి ఏ తేదీ దాకా వచ్చిందో చూసుకుంటే చాలు. ఉద్యోగాల మీద గ్రీన్ కార్డుకు పెట్టుకున్న మనవాళ్లు ఏళ్ల తరబడి కూర్చోవడం చూసి మీరు భయపడుతున్నట్టున్నారు గానీ, ఎఫ్2ఏ అంకెలలో 75 శాతానికి, ఒక్కో దేశానికి ఇన్నే వీసాలనే దేశాలవారీ పరిమితి వర్తించదు. ఆ వరుస వేరు, మీ వరుస వేరు.

ఈ రెండో ఆలస్యాన్ని తొలగించే దారి మీ చేతిలోనే ఉంది, అది పౌరసత్వం. గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 దాఖలు చేయవచ్చు. అంటే మీకు ఇంకా ఏడాదిన్నర పైచిలుకు గడువుంది. పౌరుడైన రోజున మీ భార్య కేసు పరిమితి లేని తరగతిలోకి మారుతుంది. పౌరసత్వ ధ్రువపత్రం నకలును, కేసు అప్పటికి వలస శాఖ దగ్గర ఉంటే అక్కడికి, ఆమోదం పొంది, ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే జాతీయ వీసా కేంద్రానికి చేరి ఉంటే అక్కడికి, మీరే పంపాలి. మా ఇంట్లో జరిగింది ఇదే, మావారు పౌరుడైన మరుసటి ఏడే నేను బయలుదేరాను. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. ఈలోగా మీకు బిడ్డ పుడితే, ఎఫ్2ఏలో ఆ బిడ్డ తల్లి కేసుతోనే వస్తుంది. మీరు పౌరుడయ్యాక అలా కుదరదు, బిడ్డకు విడిగా ఇంకో ఐ-130 పెట్టవలసిందే.

అందుకే ఎనిమిది నెలలు ఇంటికి పోయే ఆలోచన మానుకోండి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే, పౌరసత్వానికి కావలసిన నిరంతర నివాసం తెగిందని అధికారులు భావించవచ్చు. తెగలేదని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. ఏడాది బయట ఉంటే తెగినట్టే. పైగా ఆ ఐదేళ్లలో కనీసం 30 నెలలు మీరు ఇక్కడ ఉండి తీరాలి. భార్య దగ్గర ఉండాలని పోయి, ఆమెను తెచ్చుకునే రోజును మీరే వెనక్కి నెట్టినవారవుతారు. ఏడాదికి రెండుసార్లు, మూడేసి వారాలు పోయి రండి. ఆ టికెట్లు, బోర్డింగ్ పాసులు, ఇద్దరూ కలిసి మహానందికో అహోబిలానికో పోయినప్పటి ఫోటోలు, మీరు ఆమె ఖాతాకు పంపే డబ్బు వివరాలు, ఇవన్నీ మీ పెళ్లి నిజమైనదని చూపే కాగితాలే.

వకీలు సంగతి క్లుప్తంగా చెబుతాను. వలస శాఖ వెబ్‌సైటులో మీ రకం దరఖాస్తుకు చూపిన గడువు దాటకముందు ఎవరు విచారించినా ఫలితం ఉండదు. దాటితే మీరే విచారణ పంపవచ్చు, మీ ప్రాంత కాంగ్రెస్ సభ్యుని కార్యాలయం ద్వారా సంతకం చేసిన అనుమతి పత్రంతో అడిగించవచ్చు, మరీ అన్యాయమైన జాప్యమైతే నిర్ణయం తీసుకోమని శాఖను ఆదేశించాలని కోరే మాండమస్ దావాను ఫెడరల్ కోర్టులో వేయించవచ్చు. అయితే ఏ కోర్టూ వీసా అంకెను ముందుకు జరపలేదు. "లోపల మనవాడున్నాడు, ఫైలు కదిలిస్తాం" అని ఊళ్లో డబ్బు అడిగే ఏజెంటును గడప తొక్కనివ్వకండి. మా బంధువుల ఇంట్లో ఇలాగే ఒకాయనకు రెండు లక్షలు ఇచ్చారు. ఆయన తెచ్చి చూపింది వెబ్‌సైటులో ఎవరికైనా కనిపించే పేజీ ప్రింటు మాత్రమే.

వేచి ఉండే కాలమంతా పని చేయవలసింది కాగితాల మీద. మన జిల్లాల వారికి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఊరి పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి, నంద్యాలలో పుట్టిన మీ భార్య పాత జనన ధ్రువపత్రంలో కర్నూలు జిల్లా అని ఉంటుంది, కొత్తగా తీసిన కాగితంలో నంద్యాల జిల్లా అని రావచ్చు. నా జనన ధ్రువపత్రంలో అనంతపురం జిల్లా అని ఉంది, ఈనాటి కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఇది తప్పు కాదు, దీన్ని సరిచేయించాలని కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదు, జిల్లాల విభజన గురించి ఒక చిన్న వివరణ జతచేస్తే సరిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంటిపేరు. పదో తరగతి మార్కుల పత్రంలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ఇలా మూడు చోట్ల మూడు రకాలుగా ఉన్నవారు మనలో లెక్కలేనంతమంది. గడి ఖాళీగా ఉంటే వీసాలో అసలు పేరే ఇంటిపేరుగా మారి, పేరు ఉండవలసిన చోట 'మొదటి పేరు తెలియదు' అనే అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. ఇక్కడికి వచ్చాక బ్యాంకులో, లైసెన్సు దగ్గర ఆ మూడక్షరాలతో పడే అవస్థ నేను చూశాను. సమయం ఉన్నప్పుడే పాస్‌పోర్టు సరిచేయించండి. పెళ్లి నమోదు విషయంలో గుడి ఇచ్చిన రశీదును నమ్ముకోకండి, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఇచ్చిన ధ్రువపత్రం ఉండాలి.

తొందరపడి ముందే తీసుకోకూడనివి కూడా ఉన్నాయి. పోలీస్ క్లియరెన్స్ రెండేళ్లకు పాతబడుతుంది, వైద్య పరీక్ష అంతకన్నా త్వరగా చెల్లకుండా పోతుంది. మొదటిదాన్ని జాతీయ వీసా కేంద్రం అడిగినప్పుడు, రెండోదాన్ని ముంబయి కాన్సులేట్ ఇంటర్వ్యూ తేదీ ఇచ్చాక చూసుకోండి. (గుంతకల్లులో రైలెక్కితే నేరుగా ముంబయిలో దిగవచ్చు, ఆ ప్రయాణం గురించి బెంగ వద్దు.) వీసా కేంద్రం పిలిచాక మాత్రం ఏడాది పాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండకండి, కేసు మూసే ప్రమాదం ఉంది. ఆలస్యంలో ఒక్క లాభం ఉంది, అది కూడా చెప్పాలి. పెళ్లయి రెండేళ్లు నిండాక ఆమె ఇక్కడ అడుగుపెడితే నేరుగా పదేళ్ల కార్డు వస్తుంది, రెండేళ్ల షరతుల కార్డూ, దాన్ని తొలగించుకునే ఐ-751 దరఖాస్తూ తప్పుతాయి.

ఇక మీరు అడగని విషయం. ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో "అమ్మాయి ఎప్పుడు పోతాది?" అని అడిగేవారికి జవాబు చెప్పవలసింది మీరు కాదు, ఆమె. మావారు ఫోనులో "దసరాకు వచ్చేస్తుంది" అని మా నాన్నకు చెప్పారు, తర్వాత సంక్రాంతి అన్నారు, ఆపై ఉగాది అన్నారు. ఆ తప్పిన పండుగలన్నింటికీ సంజాయిషీ ఇచ్చుకున్నది నేను. కాబట్టి తేదీ చెప్పకండి. "పౌరసత్వం వచ్చాక" అని మాత్రం ఇరువైపుల పెద్దలకూ ఒకేసారి, ఒకే మాటగా చెప్పండి. కేసు స్థితిని నెలకొకసారి, బులెటిన్ వచ్చిన రోజున, ఇద్దరూ ఫోనులో కలిసి చూడండి, రోజూ చూడకండి.

బీఎడ్‌లో చేర్పించండి. ఇప్పుడది రెండేళ్ల చదువు, మీ లెక్క ప్రకారం చూస్తే వీసా రాకముందే పూర్తయ్యే అవకాశం ఎక్కువ. ఒకవేళ మధ్యలో వచ్చినా, వలస వీసాకు సాధారణంగా ఆరు నెలల దాకా గడువు ఉంటుంది, చివరి పరీక్షలు రాసుకుని బయలుదేరవచ్చు. కళాశాల నుంచి మార్కుల పత్రాలను, ట్రాన్స్‌స్క్రిప్టులను సీలు వేసిన కవర్లలో రెండేసి ప్రతులు తీసి ఉంచుకోమనండి, ఇక్కడ టీచరు లైసెన్సుకు చదువును మదింపు చేయించేటప్పుడు అవి అడుగుతారు. నేను ఒక్క ప్రతే తెచ్చుకుని, రెండోదాని కోసం మా తమ్ముణ్ణి అనంతపురానికి నాలుగుసార్లు తిప్పాను.