నాయిన నాతో మాట్లాడటం లేదు

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. మూసాపేటలో ఉంటాం. సీరియళ్లలో చిన్నా పెద్దా వేషాలు వేస్తుంటాను, నాటకాలు కూడా ఆడతాను. నెల కిందట ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచి హైస్కూలు రోజుల గురించి అడిగారు. 1996లో పదో తరగతి వార్షికోత్సవానికి నేను సత్యభామ వేషం వేయాల్సింది. మాది బాలుర హైస్కూలు, ఆడవేషాలూ మేమే వేసేవాళ్లం. ముందురోజు రాత్రి ఇంట్లో చీర కట్టుకుని, అమ్మ సవరం పెట్టుకుని మాటలు వల్లె వేస్తుంటే నాయిన వచ్చాడు. "ఆడోళ్ల వేషాలేస్కొని బతుకుతవారా?" అని చెంప మీద కొట్టి, సవరం, గజ్జెలు వీధిలోకి విసిరేశాడు. బస్తీ అంతా చూసింది. మర్నాడు నేను స్టేజీ ఎక్కలేదు. అమ్మ, చెల్లి అప్పుడు ఇంట్లో లేరు. అమ్మమ్మకు బాగాలేదని నల్గొండ వెళ్లి వారం తర్వాత వచ్చారు. ఆ ఏడే నాయిన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. తెల్లారి చూస్తే సవరం బీరువాలోనే ఉంది, ఇప్పటికీ నా మేకప్ పెట్టెలో ఉంది. ఇంటర్వ్యూలో కొట్టిన సంగతి చెప్పాను. వాళ్లు "నడివీధిలో కొట్టిన తండ్రి" అని పెద్దక్షరాలతో పెట్టారు. లక్షల మంది చూశారు. నాయినకు 76 ఏళ్లు. ఆయనా చూశాడు. "నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు, అంతే. మూడు వారాలుగా మాటల్లేవు. గుడి దగ్గర చెట్టు కింద కూర్చునే స్నేహితుల దగ్గరికీ పోవట్లేదు, సరిగా తినట్లేదు. అమ్మ పోయి ఆరేళ్లయింది. చెల్లెలు క్షమాపణ వీడియో పెట్టమంటోంది. నా భార్య మాత్రం నిజం చెప్పినందుకు క్షమాపణ ఏమిటంటోంది. దీనికి తోడు జనవరిలో మా బ్యాచ్ ముప్పై ఏళ్ల కలయిక ఉంది. అక్కడ ఆ సత్యభామ వేషం వేయమని గ్రూపులో అందరూ పట్టుబడుతున్నారు. నిజం చెప్పడం నా తప్పా?

జవాబు: తప్పు కాదు. మిగతా ఏం చెప్పినా ఈ మాట వెనక్కి తీసుకోను కాబట్టి ముందే చెబుతున్నాను. పదిహేనేళ్ల పిల్లాణ్ణి పదిమంది ముందు కొట్టడం, వాడు నెలల తరబడి ఎదురుచూసిన రోజును లాగేసుకోవడం చిన్న విషయం కాదు. "ఆ రోజుల్లో అందరూ కొట్టేవాళ్లు, దానికింత రాద్ధాంతమా" అని మీ చుట్టాల్లో ఎవరైనా అంటే ఆ మాటను పట్టించుకోకండి. దెబ్బ ముప్పై ఏళ్ల కిందటిదైనా, తిన్నవాడికే దాని బరువు తెలుస్తుంది.

కాకపోతే మీ నాన్నగారు అన్న మాటను ఇంకోసారి వినండి. "అబద్ధం" అనలేదు. "నేనట్ల చెయ్యలే" అనలేదు. "ఇజ్జత్ తీసినవ్" అన్నారు. అంటే జరిగిందని ఆయన ఒప్పుకుంటున్నారు. మీ మధ్య తగవు ఆ రాత్రి జరిగింది నిజమా కాదా అని కాదు. ఆ సంగతిని ఆయన ఎవరి నోట, ఎలా విన్నారన్నదే ఇక్కడ తగవు. ముప్పై ఏళ్లుగా మీ ఇద్దరి మధ్యే ఉండాల్సిన మాటను లక్షల మంది విన్నాక ఆయన ఫోన్లో విన్నారు. ఆ పిల్లాడి బాధ గురించి ఆయనతో నేరుగా ఎవరూ ఒక్కసారైనా మాట్లాడినట్టు మీ ఉత్తరంలో కనబడలేదు. మీరు కూడా మాట్లాడినట్టు లేదు.

నా దగ్గరికి కళాకారులు చాలామందే వస్తారు. నాటకాలవాళ్లు, కూచిపూడి నేర్పేవాళ్లు, మిమిక్రీ చేసేవాళ్లు. ఏ సమస్యతో వచ్చినా రెండో రోజుకో మూడో రోజుకో మాట హైస్కూలు దగ్గరికి చేరుతుంది. నలభై దాటినవాళ్లలో చాలామందికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా, స్పష్టంగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసే శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. నటుల విషయంలో ఇంకో సంగతి కలుస్తుంది. తొలి చప్పట్లూ ఆ వయసులోనే వింటారు, తొలి అవమానమూ ఆ వయసులోనే పడతారు. తొమ్మిదో తరగతి దాకా నేనూ సంగీతం నేర్చుకున్నాను. పదో తరగతి రాగానే హార్మోనియం అటక ఎక్కింది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, అయినా ఆ పెట్టె పైకి వెళ్లిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టు ఉంది. అందుకే మీ బాధ నాకు కొత్తగా అనిపించలేదు.

మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదని చెప్పడానికి ఇంకో మాట. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతోనే ఆంధ్రదేశాన్ని ఏలారు. సత్యభామ అంటే ఆయనే అన్నంత పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. కూచిపూడి సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారికి 1970లో అదే గౌరవం దక్కింది. అక్కినేని నాగేశ్వరరావు గారు నాటకాల్లో ఆడవేషాలతోనే మొదలుపెట్టారు, ఆ సంగతి ఎప్పుడూ దాచుకోలేదు. చదువు పెద్దగా సాగని ఆయన గుడివాడ కాలేజీకి విరాళం ఇచ్చారు, ఆ కాలేజీ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. మీరు ఆ వరసలోని వేషం వేయబోయారు.

మరి అదే వేషం 1996లో, ఒక కార్మికుల బస్తీలో, మీ నాన్నగారికి ఎందుకంత కంటగింపైంది? మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. "ఆ ఏడే నాయిన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది" అని రాసి, దాని మీద మరొక్క మాట లేకుండా ముందుకెళ్లిపోయారు. దాన్ని నాలుగుసార్లు చదివాను. బాలానగర్, సనత్‌నగర్ వైపు ఆ పదేళ్లలో ఎన్ని గేట్లకు తాళాలు పడ్డాయో ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన మీకే బాగా తెలుసు. షిఫ్టు సైరన్ మోగని ఇంట్లో నెల జీతం ఉండదు, కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది. బస్తీలో ఎవరు పలకరించినా "పని దొరికిందా" అనే. అలాంటి మనిషికి పదో తరగతి చదివే కొడుకంటే ఇంటికి మిగిలిన ఒకే ఒక దారి. 600కి ఎన్ని మార్కులు వస్తాయి, ఇంటర్‌లో ఎంపీసీ దొరుకుతుందా, ఎంసెట్ రాయగలడా అని లెక్కలు వేసుకుంటున్న రోజుల్లో ఆయన తలుపు తీసి చూసింది చీరలో ఉన్న కొడుకుని. ఆయన చేసింది సమర్థించడానికి ఇది చెప్పడం లేదు. భయంతో కొట్టినా దెబ్బ దెబ్బే. కానీ మీరు ఇంటర్వ్యూలో చెప్పిన కథలో మీకు పదిహేనేళ్లు, మీ నాన్నగారికి వయసే లేదు. అప్పుడాయనకు నలభై ఆరో, నలభై ఏడో. ఇప్పుడున్న మీకంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. ఆ వయసు మనిషిగా ఆయన్ని ఒక్కసారి ఊహించుకోండి. నటులు కదా, ఇది మీకు చేతనవుతుంది.

ఇంకో సంగతి, ఇది మీ వృత్తికి సంబంధించింది. పదేపదే చెప్పిన జ్ఞాపకం పదేపదే ఆడిన నాటకం లాంటిది, ఆడేకొద్దీ పదునెక్కుతుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి కొందరికి కారు ప్రమాదాల దృశ్యాలు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. అందరూ చూసినవి అవే దృశ్యాలు. "ఢీకొని నుజ్జయినప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగితే సగటున గంటకు 40 మైళ్ల పైనే అన్నారు. "తగిలినప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగితే 31.8 అన్నారు. అడిగే మాటను బట్టి చూసినదే మారిపోయింది. మీ యాంకర్ "అప్పుడు మీకెంత ఏడుపొచ్చింది" అని అడిగి ఉంటే, జవాబు కూడా ఆ దారిలోనే వెళ్లి ఉంటుంది. మీరు కల్పించి చెప్పారని నేననడం లేదు. గ్రీన్‌రూముల్లో, రిహార్సల్ టీల దగ్గర ఈ కథ ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పారో ఒకసారి లెక్కేసుకోండి. అలా చెప్పిన ప్రతిసారీ అందులోంచి ఏదో ఒకటి జారిపోయి ఉంటుంది.

జారిపోయిన వాటిలో ఒకటి నాకు కనబడింది. సవరం వీధిలో పడింది. తెల్లారేసరికి బీరువాలో ఉంది. అమ్మ, చెల్లి నల్గొండలో ఉన్నారు, వారం దాకా రాలేదు. మీరు తీసుకురాలేదు, తెచ్చి ఉంటే రాసేవారు. మరి చీకట్లో వీధిలోకి వెళ్లి దాన్ని ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, అమ్మ వస్తువుల మధ్య పెట్టిందెవరు? పొరుగింటివాళ్లు తెచ్చిచ్చారేమో. నాకు తెలియదు, మీకూ తెలిసినట్టు లేదు. తెలిసిన మనిషి మీ పక్క గదిలో ఉన్నారు.

ఇక ఏం చేయాలి అంటారు. క్షమాపణ వీడియో వద్దు. మీ చెల్లెలి బాధ నాకు అర్థమవుతోంది, కానీ ఆ రాత్రి ఆమె ఆ ఇంట్లో లేదు. వీధిలో పోయిన పరువును మళ్లీ వీధిలోనే వెతికితే దొరకదు. ఇంకో లక్షమంది చూస్తారు, ఇంకో పెద్దక్షరాల శీర్షిక పడుతుంది, ఆయన ఇంకో నెల గుడి దగ్గరికి పోరు. మీ భార్య చెప్పిందీ సగమే సరి. నిజం చెప్పినందుకు క్షమాపణ అక్కర్లేదు. ఆయనకు ముందు చెప్పకుండా ఊరికి చెప్పినందుకు మాత్రం అక్కరుంది. ఈ రెండూ వేరువేరు.

ముందు ఛానల్ వాళ్లకు ఫోన్ చేయండి. వీడియో మొత్తం తీసేయనక్కర్లేదు. పేరూ, పైన పెట్టిన బొమ్మా ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కావాలంటే ఆ భాగాన్ని కత్తిరించవచ్చు కూడా. యూట్యూబ్‌లో ఆ వెసులుబాటు ఉంది. "నడివీధిలో కొట్టిన తండ్రి" అన్న ఆ శీర్షికను తీసేయమని గట్టిగా అడగండి. వాళ్లు వినకపోయినా మీరు అడిగారన్న సంగతి మీ నాన్నగారికి తెలియాలి.

తర్వాత ఆయన దగ్గరికి వెళ్లండి. షూటింగ్ లేని రోజు, పొద్దున టీ వేళ బాగుంటుంది. ఫోన్ వేరే గదిలో పెట్టండి, ఇది ముఖ్యం, ఆ వస్తువును చూస్తేనే ఆయనకు మంట. భార్యను గానీ పిల్లల్ని గానీ మధ్యవర్తులుగా పంపకండి. "నాయినా, నీకు చెప్పకుండ అందరికి చెప్పిన, అది నాది తప్పు" అనండి, అక్కడ ఆపండి. వెంటనే "కానీ నువ్వు కూడా" అని మొదలుపెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆ "కానీ" మీకు హక్కున్న మాటే, ఇంకో రోజుకు దాచుకోండి. తర్వాత ఫ్యాక్టరీ గురించి అడగండి. ఎన్ని నెలలు జీతం రాలేదు, గేటు ముందు ఎన్నాళ్లు కూర్చున్నారు, ఇల్లు ఎట్లా గడిచింది. ఆయన చెబుతుంటే వినండి. ఆ మాటల్లో ఎక్కడో ఆ రాత్రి తనంత తానే వస్తుంది. రాకపోతే సవరం తెచ్చి ముందు పెట్టి, దీన్ని ఎవరు తెచ్చి పెట్టారని అడగండి. ఆయన క్షమించమని అడుగుతారని మాత్రం ఎదురుచూడకండి. ఆ తరం మగవాళ్లలో చాలామందికి ఆ మాట నోట రాదు. "తిన్నవారా?" అంటే అదే అనుకోవాల్సి వస్తుంది. అది మీకు చాలకపోవచ్చు, చాలకపోయినా తప్పు లేదు. మిగిలిన బరువు దించుకోవడానికి ఒక కౌన్సెలర్ దగ్గర కూర్చోండి. ఆయన దించలేనిది ఆయనే దించాలని పట్టుబట్టకండి.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. 76 ఏళ్ల మనిషి మూడు వారాలుగా సరిగా తినకుండా, నలుగురిలోకి వెళ్లకుండా ఉండటాన్ని కేవలం అలక అనుకోవద్దు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకుంటున్నారో లేదో చూడండి. నిద్ర పట్టడం లేదన్నా, "నేనెందుకింక" లాంటి మాటలు అన్నా ఈ వారమే డాక్టర్‌కు చూపించండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చుండదు. గుడి దగ్గర చెట్టు కింది స్నేహితుల్లో ఆయనకు బాగా దగ్గరివారు ఒకరుంటారు కదా, ఆయన్ని ఇంటికి పిలవండి. వచ్చి ఊరి సంగతులు మాట్లాడి పోతే చాలు, వీడియో ఊసెత్తొద్దని మాత్రం ముందే చెప్పండి.

జనవరి కలయిక సంగతి. సత్యభామ వేషం వేయాలని మీకు ఉంది. లేకపోతే ఈ ఉత్తరంలో దాని ప్రస్తావనే వచ్చేది కాదు. వేయండి. ఆ పిల్లాడికి రావాల్సిన రాత్రి అది, ముప్పై ఏళ్లు ఆలస్యమైంది. మీ నాన్నగారి మీద గెలిచినట్టు మాత్రం వేయకండి, అలా వేస్తే సత్యభామ సరిగ్గా కుదరదు, ఆ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆ మేకప్ పెట్టెలోని సవరమే పెట్టుకోండి. కాకపోతే ఈసారి బ్యాచ్ గ్రూపులో "సరే" అని పెట్టేముందు ఆ మాట మీ నాయినకు చెప్పండి.